గుడ్లగూబ చూపించిన కుర్చీ

శనివారం సాయంత్రం ఐదూ ఇరవైకి బోనంగి సింహాద్రి నేర్పువలస లైబ్రరీ గుమ్మం ముందు ఎడమ చెప్పు విప్పి బయట పెట్టాడు. కుడి చెప్పు విప్పి సంచిలో వేసుకున్నాడు. ఒక్క చెప్పు ఎవడూ ఎత్తుకుపోడని అతని లెక్క. వెనకే వచ్చిన భార్య పైడితల్లి, తమ్ముడు గవరయ్య, తల్లి నూకాలమ్మ అలాగే చేశారు. ఆ తర్వాత వచ్చిన పదహారు మందీ వాళ్ళని చూసి అలాగే చేశారు. గుమ్మం ముందు ఇరవై ఎడమ చెప్పులు బారుగా నిలిచాయి.

నేర్పువలసకి తెలివి కొత్త కాదు. ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఒక రేకు బోర్డు ఉంది. "ఇక్కడ తెలివైనవాళ్ళు ఉన్నారు. నెమ్మదిగా వెళ్ళండి" అని దాని మీద రాసి ఉంటుంది. రాయించినవాడు సింహాద్రి. ఊరివాళ్ళ తెలివి మీద ఎవరైనా అనుమానపడితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ బోర్డు చూపిస్తారు. రాసి ఉన్నదాన్ని కాదనడం ఎవరి తరం? బస్సు డ్రైవర్లు కూడా బోర్డుకి విలువ ఇచ్చి అక్కడ బండి నెమ్మది చేస్తారు.

బోనంగి వారి ఇల్లు ఆ ఊరి తెలివికి హెడ్డాఫీసు. సింహాద్రి లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు కూడా. లైబ్రరీ అంటే ఒక గది, ఒక తలుపు, రెండు కిటికీలు, ఎనిమిది వందల పన్నెండు పుస్తకాలు, ఒక వసుంధర. ఆమె ఆరేళ్ళుగా అక్కడ లైబ్రేరియన్. ఆ వారం ఆమెకి నిద్ర సరిగా లేదు. కారణం జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఒక సర్క్యులర్.

అందులో ఉన్నది ఇది. దాదాపు వందేళ్ళ కిందట ఏదో దేశంలో గీసిన, జోస్యం గురించిన ఒక మూకీ బొమ్మల సినిమాని పల్లె లైబ్రరీలలో చూపించాలి. చూసినవాళ్ళలో ఇరవై మంది అభిప్రాయాలు ఆఫీసు ముద్ర ఉన్న కాగితాల మీద రాయించాలి. కమిటీ అధ్యక్షుడు ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాలి. సోమవారం సాయంత్రం ఐదులోగా అవి ఆఫీసుకి చేరాలి. ఇరవై రాకపోతే ఆ లైబ్రరీకి జనం రావడం లేదని భావించి మూసివేస్తారు. ఆ సినిమా మీద నేర్పువలస అభిప్రాయం ప్రభుత్వానికి ఎందుకో అందులో లేదు. సర్క్యులర్లలో ఎందుకు అనేది ఉండదు. కాగితాలు సరిగ్గా ఇరవై పంపారు. ఒక్కటి ఎక్కువ పంపినా దుబారా అవుతుంది.

"కిటికీలకి దుప్పట్లు కట్టాలి సింహాద్రిగారూ, గది చీకటిగా ఉంటేనే బొమ్మ కనబడుతుంది" అంది వసుంధర.

"దుప్పట్లు దేనికమ్మా?" అన్నాడు గవరయ్య. "అందరం కళ్ళు మూసుకుంటే చాలదా? అంతకన్నా చీకటేటుంటాది?"

అంతే. ఇరవై మందీ కళ్ళు మూసుకున్నారు. నిజంగానే చీకటి అయింది. వసుంధర ఒక్కతే కుర్చీ ఎక్కి దుప్పట్లు కట్టుకుంది.

తర్వాత ఆమె ప్రొజెక్టరు పక్కన నిలబడి చెప్పింది. "ఇది మూకీ సినిమా. మాటలుండవు. ఆరు నిమిషాలు మౌనంగా సాగుతుంది."

ఇంకేముంది, ఇరవై మందీ లేచి, చేతులు కట్టుకుని, తలలు దించి నిలబడ్డారు. సినిమా మొదలై సగం దాకా వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు.

"కూర్చోండి! ఏమైంది మీకు?" అంది వసుంధర.

"మౌనం అన్నావు కదమ్మా" అన్నాడు సింహాద్రి గొంతు తగ్గించి. "ఇంతకీ పోయినాయన ఎవరు?"

"ఎవరూ పోలేదండీ!"

"పాపం, మనకి కబురు ఇంకా చేరలేదేమో" అంది పైడితల్లి, కొంగు కళ్ళకి అద్దుకుంటూ.

రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశారు. ఈసారి చూశారు. సినిమాలో టోపీ పెట్టుకున్న ఒక కుక్క జోస్యం చెప్పించుకోవడానికి ఒక ముసలి గుడ్లగూబ దగ్గరికి వెళ్తుంది. గుడ్లగూబ ముందు గాజు గోళం ఉంటుంది. అందులో మూడు బొమ్మలు కనబడతాయి. మొదటిదాంట్లో గాలికి టోపీ ఎగిరిపోతుంది. రెండోదాంట్లో కుక్క నీళ్ళ తొట్టిలో పడుతుంది. మూడోదాంట్లో పెద్ద కుర్చీలో కూర్చుంటుంది, కుర్చీకి పూలదండ ఉంటుంది. అప్పుడు గుడ్లగూబ తెర లోంచి సూటిగా ముందుకి చూసి, రెక్క చాపి, ఇదంతా నీకే అన్నట్టు చూపిస్తుంది.

సూటిగా ముందున్నది మధ్య కుర్చీ. మధ్య కుర్చీలో ఉన్నది సింహాద్రి.

"నాకే" అన్నాడు సింహాద్రి.

"నీకే అన్నయ్యా" అన్నాడు గవరయ్య. "నేను పక్కనున్నాను. నా వైపు కన్నెత్తి కూడా చూళ్ళేదు."

"ఆ కుక్కకి చెప్పిందండీ" అంది వసుంధర.

"కుక్క పక్కనుంటే నా వైపు చూసి ఎందుకు చెప్తాదమ్మా? కుక్కకి చెప్పాలంటే కుక్కనే చూసి చెప్తాది. దానికామాత్రం తెలీదా?"

వసుంధరకి కావలసింది ఇరవై కాగితాలు. వాటిని పంచిపెట్టింది. "పక్కవాళ్ళది చూసి రాయకండి" అంది. అంతే, ఇరవై మందీ లేచి నాలుగు గోడల వైపు తిరిగి, ముక్కు గోడకి ఆనించి రాయడం మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న, సినిమా ఎలా ఉంది? రెండో ప్రశ్న, మీకు నచ్చిన బొమ్మ చుట్టూ సున్నా చుట్టండి. మూడోది, ఇంకా ఏమైనా చెప్పదలిచారా?

"అమ్మా, మళ్ళీ వెయ్యి సినిమా" అన్నాడు గవరయ్య రెండో ప్రశ్న దగ్గరికి రాగానే.

వసుంధర పొంగిపోయింది. ఆరేళ్ళలో నేర్పువలసలో ఎవరూ ఏదీ మళ్ళీ కావాలని అడగలేదు. రీలు చుట్టి మూడోసారి వేసింది. ఈలోగా పైడితల్లి ఇంటికి పోయి గంపెడు బొగ్గులు తెచ్చింది. తెర లేదు. సున్నం వేసిన గోడే తెర. బొమ్మ పడగానే ఇరవై మందీ బొగ్గులు పట్టుకుని గోడ మీద పడ్డారు. కుక్క నచ్చినవాళ్ళు కుక్క చుట్టూ, గుడ్లగూబ నచ్చినవాళ్ళు గుడ్లగూబ చుట్టూ సున్నాలు చుట్టసాగారు. బొమ్మలు కదులుతున్నాయి. సున్నాలు వాటి వెంట పరిగెత్తాయి.

"ఆ గుడ్లగూబని ఓ క్షణం కదలకుండా కూకోమని చెప్పమ్మా!" అని అరిచాడు గవరయ్య.

"అది వినదు!"

"వినదేటి? మాటలు లేంది దానికే గానీ, చెవులు లేకపోలేదు కదా!"

సినిమా అయిపోయేసరికి గోడ మీద రెండు వందల పైచిలుకు సున్నాలు మిగిలాయి. ఒక్కదాంట్లోనూ బొమ్మ లేదు.

కాగితాల మీద మాత్రం అభిప్రాయాలు ఉన్నాయి. వసుంధర వాటిని దీపం కింద పెట్టుకుని చదివింది. గవరయ్య మొదటి ప్రశ్నకి రాసిన జవాబు: "సినిమా నాలుగు పలకలుగా ఉంది. కరెంటు పోతే ఉండదు." పైడితల్లి: "అన్నింటికీ జోస్యం చెప్పిన గుడ్లగూబ తన ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారో చెప్పలేదు." టైలరు మస్తాను: "కుక్క టోపీ కొలత తప్పు. టోపీ ఎగిరిపోవడానికి గాలి కారణం కాదు, కుట్టినవాడు కారణం." ఎలిమెంటరీ స్కూలు మాస్టారు: "కుక్కలు టోపీ పెట్టుకోవు. పిల్లలకి ఈ సంగతి ముందుగా తెలియజేయవలసింది."

నూకాలమ్మకి చదువు రాదు, చెవులు వినబడవు. ఆమె రోజూ మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చి బొమ్మల పుస్తకాలు తిప్పి చూసి వెళ్తుంది. ఆమె నోటితో చెప్పింది వసుంధర రాసింది. "ఈ సినిమాలో నాకు ఒక్క ముక్క కూడా పోలేదు. అన్ని సినిమాల్లోనూ అందరూ ఇలాగే నోరు మూసుకుంటే బాగుంటుంది."

ఆ కాగితాన్ని వసుంధర రెండుసార్లు చదివింది.

అన్నీ కలిపి లెక్కపెడితే పంతొమ్మిది.

"మీది ఏదండీ?" అని సింహాద్రిని అడిగింది.

సింహాద్రి తన కాగితం ఖాళీగా చూపించాడు. "జోస్యం నిజమో కాదో తెలీకుండా అభిప్రాయం ఎలా చెప్తానమ్మా? టోపీ ఎగరాలి, తొట్టిలో పడాలి, కుర్చీలో కూకోవాలి. అప్పుడు రాస్తాను. ముందే రాస్తే అది అబద్ధం కాదా?"

"సోమవారం సాయంత్రానికి చేరాలండీ! ఇరవై లేకపోతే ఈ గది మూసేస్తారు. నా ఉద్యోగం పోతుంది. మీ అమ్మగారు బొమ్మల పుస్తకాలు ఎక్కడ చూసుకుంటారు?"

"ఇంకా ఆదివారం ఉందిగా" అన్నాడు సింహాద్రి ధైర్యం చెబుతూ. "ఒక రోజులో తొట్టిలో పడలేనా?"

సంతకాలు పెట్టడానికి పంతొమ్మిది కాగితాలూ తీసుకుని చొక్కా లోపల పొట్టకి ఆనించుకున్నాడు. "జాగ్రత్త" అంది వసుంధర. ఆ మాట మీద అతను రాత్రి బోర్లా పడుకోలేదు, పొద్దున స్నానం చేయలేదు.

ఆదివారం ఉదయం ఆరున్నరకి బోనంగి వారి ఇంట్లో పని మొదలైంది. సింహాద్రికి టోపీ లేదు. గవరయ్య పొలానికి పెట్టుకుపోయే తాటాకు టోపీ తెచ్చి అన్న నెత్తిన పెట్టాడు. పైడితల్లి అది పడిపోకుండా రెండు వైపులా తాడు కట్టి గడ్డం కింద ముడి వేసింది.

"ఎగరాలి కదే, ముడి వేశావేటి?" అన్నాడు సింహాద్రి.

"ఎగిరితే ఎగరనీ. పోతే ఎలా? మరిదిగారి టోపీ అది."

మాట న్యాయంగా ఉంది. ముగ్గురూ పెరట్లో నిలబడి గాలి కోసం చూశారు. గాలి లేదు. గవరయ్య, పైడితల్లి చెరో పక్క నిలబడి ఊదారు. టోపీ కదల్లేదు. చేటలతో విసిరారు. టోపీ అంచు మీద ఈగ ఒకటి లేచి మళ్ళీ అక్కడే వాలింది. నూకాలమ్మ అరుగు మీంచి చూసి, కొడుక్కి ఉక్కగా ఉందనుకుని మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"తొమ్మిదింపావుకి బస్సొస్తాది" అన్నాడు గవరయ్య. "బస్సు పోతే గాలి లేస్తాది. రోడ్డు పక్కన నిలబడు అన్నయ్యా."

"మరి తొట్టి?"

"కుడితి గోలెం ఉందిగా. రోడ్డు దగ్గరికి తెస్తే సరి. జోస్యం అంత దూరం నుంచి వస్తే, మనం ఇంటి దాకా నడిపించడం మర్యాద కాదు."

అంతే. గేదెలు కుడితి తాగుతున్న రాతి గోలేన్ని నలుగురు మోసి రోడ్డు పక్కకి చేర్చారు. గేదెలు వెంట వచ్చాయి. వాటి వెంట ఊరు వచ్చింది. బస్సు వచ్చింది, రేకు బోర్డు దగ్గర ఎప్పటిలాగే నెమ్మది చేసింది. గాలి లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"బోర్డు వల్ల వచ్చింది తంటా" అన్నాడు గవరయ్య. "దాన్ని వెనక్కి తిప్పితే?"

బోర్డు తిప్పారు. పదీ నలభైకి అదే వైపు నుంచి రెండో బస్సు వచ్చింది. నేర్పువలసలో తెలివైనవాళ్ళు ఉన్నారన్న సంగతి డ్రైవరుకి ఆ పూట ఎవరూ చెప్పలేదు. బండి జోరుగా దూసుకుపోయింది. ఇంకేముంది, టోపీ లేచింది. టోపీకి తాడు ఉంది, తాడుకి సింహాద్రి ఉన్నాడు. టోపీ ఎటు లాగితే అటు నాలుగు అడుగులు వేసి, అయిదో అడుగు గోలెంలో వేశాడు. పొట్ట దాకా మునిగాడు.

ఊరంతా చప్పట్లు కొట్టింది. "రెండు ఒకేసారి అయిపోయాయి!" అన్నాడు గవరయ్య. గేదెలు మాత్రం తలలు తిప్పుకున్నాయి. వాటి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

సింహాద్రి కుడితిలో నిలబడి నవ్వుతున్నాడు. కాసేపటికి నవ్వు ఆపి చొక్కాలో చెయ్యి పెట్టాడు.

మధ్యాహ్నం దాకా కాగితాలు చిలక్కొయ్యల మీద, జామకొమ్మల మీద, నూకాలమ్మ మంచం మీద ఆరాయి. వసుంధర వచ్చి ఒక్కొక్కటే తీసి చూసింది. సిరాతో రాసినవన్నీ నీలంగా కరిగిపోయాయి. పెన్సిలుతో రాసినవి పది మిగిలాయి.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. "పది" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇరవై ఉండాలి. మళ్ళీ రాయిద్దామంటే ముద్ర ఉన్న కాగితాలు ఇంక లేవు."

"అమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు సింహాద్రి నొచ్చుకుని. "రెండు జోస్యాలు నిజమయ్యాయి. ఇంక కుర్చీ ఒక్కటే. రేపు పొద్దున బస్సుకి నేనే జిల్లాకి తీసుకెళ్తాను. ఆఫీసు నిండా కుర్చీలేనట కదా."

"పది కాగితాలు తీసుకెళ్ళి ఏం చేస్తారండీ?"

"ఆ సంగతి నాకు వదిలెయ్" అన్నాడు గవరయ్య. ఆ మాట విన్నవాళ్ళు భయపడవలసింది. కానీ ఆమెకి వేరే దారి లేదు.

సోమవారం ఉదయం ఏడింటికి వసుంధర లైబ్రరీలో ప్రొజెక్టరు పెట్టెలో సర్దుతోంది. దాన్ని తీసుకెళ్ళడానికి ఆఫీసు జీపు వస్తుంది. సింహాద్రి తయారై వచ్చాడు. "మీరు బయల్దేరండి" అంది ఆమె తల ఎత్తకుండా. "జీపు వచ్చేదాకా లోపలికి ఎవరూ రాకుండా చూడండి చాలు."

అంతే. సింహాద్రి తలుపు లాగి, బయట తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. లోపలికి ఎవరూ రారు. వసుంధర బయటికి రావాల్సి ఉంటుందన్న ఊహ అతనికి రాలేదు. ఆ మాట ఆమె చెప్పలేదు కదా.

బస్టాపులో గవరయ్య కత్తెర తీశాడు. పది కాగితాల్లో తొమ్మిదింటిని నిలువునా రెండేసి ముక్కలు చేశాడు. పద్దెనిమిది. పదోది అలాగే వదిలేశాడు. పంతొమ్మిది. సింహాద్రిది కలిస్తే ఇరవై. లెక్కలో తప్పు లేదు.

"అది కూడా కొయ్యి, ఇరవై ఒకటవుతాయి" అన్నాడు సింహాద్రి.

"అది అమ్మది అన్నయ్యా. అమ్మని ఎలా కోస్తాం?"

గవరయ్య కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

కాగితాల అడుగున "మడవరాదు" అని అచ్చు వేసి ఉంది. కోయరాదని లేదు. మడవకుండా తీసుకెళ్ళాలని సింహాద్రి వాటిని చేటలో పరిచి, పైన కందిపప్పు రెండు దోసిళ్ళు బరువు పెట్టి, చేట నెత్తిన పెట్టుకుని బస్సు ఎక్కాడు. నలభై ఏడు కిలోమీటర్లు నిలబడే వెళ్ళాడు. సీటు ఖాళీ ఉందని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. "ఇవాళ నేను కూకోవలసిన కుర్చీ వేరే ఉంది" అన్నాడు సింహాద్రి.

పదీ యాభైకి జిల్లా లైబ్రరీ ఆఫీసుకి చేరాడు. అక్కడి పాత ఆఫీసరు శనివారం రిటైరయ్యాడు. సన్మానం చేసినప్పటి పూలదండ ఆయన మరిచిపోయి కుర్చీకే వదిలేశాడు. కొత్త ఆఫీసరు సోమవారం ఉదయం చేరాలి. ఆయన ఎక్కిన రైలు ఎక్కడో ఆగిపోయి ఉంది. గదిలో ఎవరూ లేరు. పెద్ద కుర్చీ ఉంది. కుర్చీకి పూలదండ ఉంది.

సింహాద్రి చేట బల్ల మీద దించాడు. కుర్చీకి దండం పెట్టాడు. కూర్చున్నాడు. కుర్చీ కొంచెం ఊగింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆఫీసులో పనిచేస్తున్న అటెండరు అప్పన్న లోపలికి వచ్చి చూశాడు. కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే ఆఫీసరని అతనికి ఉద్యోగంలో చేరిన రోజునే చెప్పారు. నమస్కారం పెట్టాడు.

"దయచెయ్యండి సార్. తమర్ని ఎవరు పంపారు సార్?"

"గుడ్లగూబ" అన్నాడు సింహాద్రి.

పై అధికారులకి కింది ఆఫీసుల్లో ఏ పేర్లు పెడతారో అప్పన్నకి తెలుసు. తలుపు వైపు భయంగా చూసి, "అలా పైకి అనకండి సార్" అని, టీ తెప్పించాడు. టీతోపాటు ఒక ఫైలు తెచ్చాడు.

"నేర్పువలస లైబ్రరీ సంగతి సార్. ఇవాళే తేల్చాలి. ఇరవై అభిప్రాయాలు వచ్చాయో లేదో చూసి, ఆర్డరులో రెండు ఖాళీలు పూరించి, కింద సంతకం పెట్టాలి."

"వచ్చాయి. నేనే తెచ్చాను" అన్నాడు సింహాద్రి.

అప్పన్న కందిపప్పు పక్కకి జరిపి కాగితాలు లెక్కపెట్టాడు. పంతొమ్మిది. చదివాడు. ఒకదాంట్లో "కుక్క టోపీ కొ" అని, ఇంకోదాంట్లో "లత తప్పు" అని ఉంది. అతను ఇంతకన్నా తక్కువ అర్థమైన కాగితాలు చాలా ఫైలు చేశాడు. "ఒకటి తక్కువ సార్" అన్నాడు.

సింహాద్రి జేబులోంచి తన కాగితం తీశాడు. దాని కోసమే కదా ఇంత కష్టం! పెన్సిలు నాలిక మీద తడి చేసుకుని నిదానంగా రాశాడు. "జోస్యం నిజం. కుర్చీ మాత్రం ఊగుతుంది." ఇరవై అయ్యాయి.

తర్వాత ఆర్డరు తీసుకున్నాడు. మొదటి ఖాళీ ముందు "మూయవలసిన లైబ్రరీ" అని అచ్చు వేసి ఉంది.

"ఇక్కడేటి రాయాలి?"

"ఏది మూయాలో అది సార్."

"ఏది మూయాలి?"

అప్పన్న ఆలోచించాడు. ఇరవై ఆరేళ్ళలో ఏ ఆఫీసరూ ఈ ప్రశ్న అతన్ని అడగలేదు. "తెరిచి ఉన్నదే మూయగలం సార్. మూసి ఉన్నదాన్ని మళ్ళీ మూయలేం కదా."

సింహాద్రి మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. అంటే నేర్పువలస లైబ్రరీ మూసే ఉంది. దాన్ని మూయడానికి వీల్లేదు. కిటికీలోంచి చూశాడు. ఎదురుగా జిల్లా కేంద్ర గ్రంథాలయం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మొదటి ఖాళీలో దాని పేరు రాశాడు.

రెండోది "చేరవలసిన చోటు". ఇందులో అనుమానమే లేదు. అతను మూడూ నలభై బస్సుకి ఎక్కడికి చేరాలో అతనికి తెలుసు. "నేర్పువలస" అని రాశాడు. కింద సంతకం పెట్టాడు. అప్పన్న ముద్ర కొట్టాడు.

సాయంత్రం ఆరుంబావుకి సింహాద్రి లైబ్రరీ తాళం తీశాడు. ప్రొజెక్టరు కోసం వచ్చిన జీపు తాళం చూసి మధ్యాహ్నమే వెనక్కి వెళ్ళిపోయింది. వసుంధర కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. పైడితల్లి కిటికీ ఊచల్లోంచి ఉప్మా ముద్దలు చేసి అందిస్తోంది. నూకాలమ్మ బయట నిలబడి, లోపల వసుంధర పేజీలు తిప్పుతుంటే బొమ్మలు చూస్తోంది.

"ఇచ్చారా?" అంది వసుంధర. పొద్దుటి నుంచి దాచుకున్న కోపం అంతా ఆ ఒక్క మాట ముందు ఆగిపోయింది.

"ఇచ్చానమ్మా."

"ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

ఆమె స్టూలు మీద నుంచి లేవలేదు. ఆ రాత్రి తన పుస్తకాలు, గొడుగు, టిఫిన్ డబ్బా ఒక సంచిలో సర్దుకుంది.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. పదో రోజు బుధవారం ఉదయం పదకొండూ పదికి మూడు లారీలు వచ్చి లైబ్రరీ ముందు ఆగాయి. డ్రైవరు ఆర్డరు చూపించాడు. జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని మూసి, అందులోని ముప్ఫై ఒక్క వేల పుస్తకాలని, సమస్త సామానుతో సహా నేర్పువలస చేర్చమని ఉంది. కొత్త ఆఫీసరు లేడా అని వసుంధర అడిగింది. ఉన్నాడు, సోమవారం సాయంత్రమే చేరాడు, సంతకం సరైన చోట ఉంది కాబట్టి అమలు చేయమన్నాడు అని డ్రైవరు చెప్పాడు. లారీలోంచి చివరగా దిగింది పెద్ద కుర్చీ. దానికి దండ ఇంకా ఉంది, ఎండిపోయి.

వసుంధర ఆర్డరు మూడుసార్లు చదివింది. నవ్వు ఆపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

పుస్తకాలు మాత్రం గదిలో పట్టలేదు. ఒక లారీ సగం ఖాళీ అయ్యేసరికే గది నిండిపోయింది. గవరయ్య గది చుట్టూ రెండుసార్లు తిరిగి కారణం కనిపెట్టాడు.

"చోటు లేకపోవడం కాదన్నయ్యా. ఈ గోడలు అడ్డం."

ఇంకేముంది, గునపాలు వచ్చాయి. వసుంధర వద్దని అరుస్తుండగానే మొదటి గోడ, రెండు వందల సున్నాలతో సహా, కూలింది. చీకటి పడేలోపు నాలుగూ అయిపోయాయి. పైకప్పుని ఆరు కొయ్య స్తంభాల మీద నిలబెట్టారు. నిజం చెప్పాలంటే చోటు బాగానే వచ్చింది. నూకాలమ్మ ఇప్పుడు ఏ పక్క నుంచైనా నడిచి వచ్చి పుస్తకం తీసుకోవచ్చు. తలుపుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది మంచి టేకు తలుపు. చట్రంతో సహా ఉన్నచోటే నిలబడి ఉంది. సింహాద్రి రోజూ సాయంత్రం దానికి తాళం వేసి, లాగి చూసుకుని ఇంటికి వెళ్తాడు.

తర్వాత వారం రోజులకి తెలిసిన సంగతి ఇది. జరిగిన పొరపాటు ఆలస్యంగా గ్రహించిన కొత్త ఆఫీసరు నేర్పువలస లైబ్రరీని స్వయంగా మూసివేయడానికి శుక్రవారం సాయంత్రం ఆరుగంటలకి జీపులో వచ్చాడు. తలుపుకి తాళం ఉంది. దాని ముందు పది నిమిషాలు నిలబడి, రెండుసార్లు తట్టి, వెనక్కి వెళ్ళిపోయాడు. ఫైలులో ఆయన రాసిన మాట: "మూసి ఉన్నందున మూయుటకు వీలు పడలేదు."